పదిహేనో స్థానం నుంచి కప్పు దాకా: ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ లెక్క ఎలా నడుస్తుంది

2025 మార్చి 12, తెల్లవారుజాము నాలుగు దాటింది. విజయనగరం రైతుబజారుకి కూరగాయల ఆటోలు వచ్చే వేళకి లివర్‌పూల్ ఊళ్లో ఇంకా మంగళవారం రాత్రే, అక్కడ ఛాంపియన్స్ లీగ్, అంటే యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద టోర్నమెంట్, ప్రీ క్వార్టర్స్‌లో పెనాల్టీ షూటౌట్ అప్పుడే ముగిసింది. లీగ్ టేబుల్‌లో అందరికంటే పైన నిలిచిన లివర్‌పూల్ ఇంటిముఖం పట్టింది, అదే టేబుల్‌లో పదిహేనో స్థానంలో ఉన్న పారిస్ సెయింట్ జెర్మేన్, అంటే పీఎస్‌జీ, క్వార్టర్స్‌కి వెళ్లింది. ఇలాంటి రాత్రి తర్వాత పొద్దున్న టీ కొట్టు దగ్గర నడిచే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి.

"ఏటి బావా, అక్కడ ఈళ్లు ఒకటి కొట్టినారు, ఇక్కడ ఆళ్లు ఒకటి కొట్టినారు. ఎవే గోల్ లెక్కెయ్యాలి కదేటి?"

"అది తీసీసి నాలుగేళ్లవతాంది. ఉన్నా ఇక్కడ తేలదు. ఇద్దరూ పక్కోడి ఊళ్లోనే కొట్టినారు."

రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి సమానమైతే, బయటి ఊళ్లో ఎక్కువ కొట్టినవాణ్ణి ముందుకి పంపేదే ఎవే గోల్ రూలు. రెండో బావ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అయినా ఈ టోర్నమెంట్ రూల్స్ గత అయిదారేళ్లలో ఇన్నిసార్లు మారాయి కాబట్టి, రోజూ మ్యాచ్‌లు చూసేవాళ్లు కూడా మధ్యలో ఎక్కడో లెక్క తప్పుతున్నారు.

క్లుప్తంగా

లీగ్ దశ జనవరి చివరికి అయిపోతుంది. మొదటి ఎనిమిది జట్లకి బై, అంటే ఒక రౌండు ఆడకుండానే ప్రీ క్వార్టర్స్‌కి, 9 నుంచి 24 దాకా ఉన్నవాళ్లకి ఆ రౌండే ప్లేఆఫ్, మిగిలిన పన్నెండూ ఇంటికి. అక్కడి నుంచి ఫైనల్ తప్ప ప్రతి జోడీ రెండేసి మ్యాచ్‌లు ఆడుతుంది, గోల్స్ కలిపి చూస్తారు, సమానమైతే అదనంగా అరగంట, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. ఎవే గోల్ రూలు 2021లో పోయింది. టేబుల్‌లో పైన నిలిచినందుకు దక్కే లాభం కొత్త పద్ధతి మొదటి ఏడాదిలో పెద్దగా కనిపించలేదు, అందుకే 2025–26కి దాన్ని కాస్త పెంచారు.

బై సంపాదించుకోవాలి

సంక్రాంతికి శ్రీకాకుళం జిల్లాలో కబడ్డీ టోర్నమెంట్ పెట్టే ఊళ్లో ఓ పూట నిలబడితే ఈ వ్యవహారంలో సగం అర్థమైపోతుంది. పదమూడు జట్లు పేర్లిచ్చాయనుకోండి, మూడింటికి బై ఇవ్వక తప్పదు. కాగితం ముక్కలు మడిచి స్టీలు గిన్నెలో వేసి, ఏ జట్టుకీ చెందని చిన్నపిల్లాడి చేత తీయిస్తారు. బై వచ్చిన జట్టు చెట్టు కింద చెరుకు నములుతూ కూర్చుంటుంది, రానివాళ్లు ఎండలో ఒక మ్యాచ్ ఎక్కువ ఆడి, మోకాలు గీరుకుని, మధ్యాహ్నం మళ్లీ బరిలోకి దిగుతారు. అదృష్టం అంతా ఆ పిల్లాడి వేళ్లలో ఉంటుంది, ఓడినవాళ్లు వాణ్ణి తిట్టుకుంటూ ట్రాక్టరెక్కుతారు.

యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే యూఎఫా 2024–25 నుంచి చేస్తున్నదీ ఇదే, కాకపోతే ఇక్కడ బై గిన్నెలోంచి రాదు. అంతకుముందు 32 జట్లని నాలుగేసి చొప్పున ఎనిమిది గ్రూపులు చేసేవాళ్లు, ప్రతి గ్రూపులో ఇద్దరు పైకి. పెద్ద జట్లు నాలుగో మ్యాచో అయిదో మ్యాచో అయ్యేసరికి గట్టెక్కేసేవి, చివరి రౌండుకి బెంచీలో ఉన్న కుర్రాళ్లని దింపేవి, టీవీ వాళ్లకి అది నచ్చలేదు. ఇప్పుడు 36 జట్లు, ఒకటే టేబుల్. ఒక్కో జట్టు ఎనిమిది వేర్వేరు జట్లతో ఆడుతుంది, నాలుగు సొంతూళ్లో, నాలుగు బయట. చివరి రోజు పద్దెనిమిది మ్యాచ్‌లూ ఒకే సమయానికి మొదలవుతాయి, ఎనిమిదో స్థానానికీ తొమ్మిదో స్థానానికీ మధ్య ఒక్క గోల్ తేడాతో తారుమారు కావచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. అందరూ అందరితో ఆడరు. కబడ్డీ పూల్‌లో అయితే పక్కవాడు ఎవణ్ణి కొట్టాడో మనమూ వాణ్ణే కొట్టాలి కాబట్టి పోలిక సరిపోతుంది, ఇక్కడ ఒకడికి వచ్చిన ఎనిమిది మందీ ఇంకొకడికి వచ్చిన ఎనిమిది మందీ వేరు. 2024–25లో పీఎస్‌జీకి ఆర్సెనల్, బేయర్న్, అట్లెటికో, మాంచెస్టర్ సిటీ అందరూ తగిలారు. ఆరు మ్యాచ్‌లు అయ్యేసరికి ఆ జట్టు చేతిలో ఏడు పాయింట్లే ఉన్నాయి, టేబుల్‌లో మొదటి 24 లోపల కూడా లేదు. 2025 జనవరి 22న సిటీ మీద 0–2తో వెనకబడి, అక్కడి నుంచి 4–2తో గెలిచింది. వారం తర్వాత స్టుట్‌గార్ట్‌ని 4–1తో ఓడించి 13 పాయింట్లతో పదిహేనో స్థానంలో ఆగింది. అదే జట్టు మే 31న మ్యూనిక్‌లో ఇంటర్‌ని 5–0తో చిత్తు చేసి కప్పెత్తింది, ఈ టోర్నమెంట్ ఫైనల్ చరిత్రలో అంత తేడాతో ఎవరూ గెలవలేదు. ఎనిమిది మ్యాచ్‌ల టేబుల్ జట్ల బలాన్ని ఎంతవరకు సరిగ్గా కొలుస్తుందన్న ప్రశ్న ఆ రాత్రి నుంచే గట్టిగా మొదలైంది.

చీటీకి మిగిలింది తక్కువ

తెలుగులో మ్యాచ్ సమానమైనా డ్రా అంటాం, చీటీలు తీసినా డ్రా అంటాం, సగం అయోమయం అక్కడే. అందుకని ఇక్కడ రెండోదాన్ని చీటీ అనే అందాం.

పాత పద్ధతిలో చీటీకి చాలా పవర్ ఉండేది. గ్రూపులో మొదటి స్థానం వచ్చినా, వేరే గ్రూపుల్లో రెండో స్థానంవాళ్లలో ఎవరు తగులుతారో తీసే బంతే తేల్చేది, క్వార్టర్స్‌కి మళ్లీ చీటీలు. ఇప్పుడు దారి ముందే గీసేసి ఉంటుంది. ప్లేఆఫ్‌లో 9, 10 స్థానాలవాళ్లు 23, 24తో ఆడాలి. 11, 12 వాళ్లకి 21, 22. 13, 14కి 19, 20. 15, 16కి 17, 18. ఇందులో ఎవరికి ఎవరన్న దగ్గరే చీటీ, అంటే రెండింట్లో ఒకటి. అక్కడ గెలిచినవాళ్లు ప్రీ క్వార్టర్స్‌లో ఎక్కడికెళ్లాలో కూడా తెలుసు: 15 నుంచి 18 మధ్య గుంపులోంచి బతికి బయటపడినవాళ్లు టేబుల్‌లో ఒకటి, రెండు స్థానాలవాళ్ల మీదికి వెళ్తారు, 9, 10, 23, 24 గుంపు ఏడు, ఎనిమిది స్థానాల మీదికి. పైన నిలిచినవాడికి బలహీనుడు దొరకాలన్నది ఉద్దేశం.

కాగితం మీద బాగానే ఉంది. కానీ 2025 ఫిబ్రవరి 21న యూఎఫా ఆఫీసు ఉన్న న్యోన్‌లో చీటీలు తీసేటప్పటికి లివర్‌పూల్, బార్సిలోనాల ముందు మిగిలిన రెండు పేర్లు పీఎస్‌జీ, బెన్‌ఫికా. పీఎస్‌జీ అప్పటికి ప్లేఆఫ్‌లో సాటి ఫ్రెంచ్ జట్టు బ్రెస్ట్‌ని 3–0, 7–0తో ఊడ్చేసి వచ్చింది. లివర్‌పూల్‌కి పీఎస్‌జీ, బార్సిలోనాకి బెన్‌ఫికా. బార్సిలోనా 1–0, 3–1తో నడిచిపోయింది. 21 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచిన జట్టుకి, 19తో రెండో స్థానంలో నిలిచిన జట్టు కంటే గట్టి ప్రత్యర్థి దొరికాడన్నమాట, ఇందులో టేబుల్ చేసిందేమీ లేదు.

కింద నిలిచినవాళ్లకి పడిన శిక్ష మాత్రం స్పష్టంగానే కనిపించింది. సిటీ 11 పాయింట్లతో 22వ స్థానంలో ఆగింది, కాబట్టి దానికి రియల్ మాడ్రిడ్ లేదా బేయర్న్, ఇంకో దారి లేదు. రియల్ తగిలింది. సొంతూళ్లో 2–3, మాడ్రిడ్‌లో 1–3, రియల్ ఆటగాడు ఎంబాపే మూడు గోల్స్ కొట్టాడు, ఫిబ్రవరిలోనే సిటీ కథ అయిపోయింది. పాత పద్ధతిలో గ్రూపులో మూడో స్థానం వస్తే దీని కింది టోర్నమెంట్ యూరోపా లీగ్‌లోకి దిగే అవకాశమైనా ఉండేది. ఇప్పుడు ఆ మెట్టు లేదు.

నూటఎనభై నిమిషాలు

రెండు లెగ్స్ అన్న మాట విని రెండు మ్యాచ్‌లు అనుకుంటే కోచ్‌లు చేసే పనులు అర్థం కావు. వాళ్లు దాన్ని 180 నిమిషాల ఒకే ఆటగా చూస్తారు, మధ్యలో వారం విరామం. మొదటి లెగ్ స్కోరు రెండో లెగ్‌కి ప్రారంభం, అంతే.

పారిస్‌లో జరిగిన మొదటి లెగ్ చూడండి. పీఎస్‌జీ 27 షాట్లు కొట్టింది, లివర్‌పూల్ కొట్టినవి రెండు. గోల్‌కీపర్ అలిసన్ తొమ్మిది ఆపాడు. 87వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన హార్వీ ఎలియట్ ఒక్కటి కొట్టాడు, లివర్‌పూల్ 1–0. ఒక్క మ్యాచ్‌తో తేల్చే నాకౌట్ అయితే పీఎస్‌జీ అక్కడే ఆగిపోయేది. రెండో లెగ్ ఉంది కాబట్టి వారం తర్వాత లివర్‌పూల్ సొంత స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో 12వ నిమిషంలో పీఎస్‌జీ ఆటగాడు డెంబెలే కొట్టిన గోల్‌తో లెక్క సమానమైంది, షూటౌట్‌లో పీఎస్‌జీ గోల్‌కీపర్ డొనారుమ్మా రెండు ఆపాడు, 4–1. రెండు లెగ్స్ పద్ధతి మంచి జట్టుకి రెండో అవకాశం ఇస్తుందని సమర్థించేవాళ్లకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. కోవిడ్ వల్ల 2020లో క్వార్టర్స్ నుంచి అన్నీ లిస్బన్‌లో ఒకే మ్యాచ్‌గా పెట్టారు. బార్సిలోనా బేయర్న్ చేతిలో 2–8తో ఓడింది అప్పుడే. ఒక్క మ్యాచ్ అయితే వెనకబడినవాడు దాచుకోవడానికేమీ ఉండదు, వచ్చేవారం చూసుకుందాం అనే మాట చెల్లదు, దాంతో ఆట తెరుచుకుంటుంది. ఆ ఏడాది చూసినవాళ్లలో కొందరు ఇదే బాగుందన్నారు కూడా. కానీ సొంత స్టేడియంలో ఒక రాత్రి టికెట్ల ఆదాయం, ఊరి జనం హోరు వదులుకోవడానికి క్లబ్బులు ఇష్టపడవు. 2017లో పారిస్‌లో 0–4తో ఓడి వచ్చిన బార్సిలోనా తన ఊళ్లో 6–1తో గెలిచిన రాత్రి గానీ, 2019లో అదే బార్సిలోనా లివర్‌పూల్‌ని 3–0తో ఓడించి వెళ్లి ఆన్‌ఫీల్డ్‌లో 0–4తో కూలిన రాత్రి గానీ ఒక్క మ్యాచ్ పద్ధతిలో పుట్టేవే కావు.

ఎల్లో కార్డులు కూడా ఈ 180 నిమిషాల లెక్కలోకే వస్తాయి: టోర్నమెంట్‌లో మూడు పడితే ఒక మ్యాచ్ నిషేధం, క్వార్టర్స్ అయ్యాక పాతవి కొట్టేస్తారు. మొదటి లెగ్ చివర్లో డిఫెండర్ ఫౌల్ చెయ్యడానికి వెనకాడటం వెనక చాలాసార్లు ఉండేది ఈ లెక్కే.

నాణెం నిలబడిపోయిన రోజు

రెండు లెగ్స్ తర్వాత సమానమైతే ఏం చెయ్యాలన్న దానికి యూరప్ చాలా వంకర దారులు తొక్కింది.

మొదట్లో మూడో మ్యాచ్ పెట్టేవాళ్లు, ఎవరి ఊరూ కాని చోట. అది కూడా సమానమైతే బొమ్మా బొరుసా. 1965లో యూరోపియన్ కప్ (ఛాంపియన్స్ లీగ్ పాత పేరు) క్వార్టర్స్‌లో లివర్‌పూల్, జర్మనీ జట్టు కొలోన్ 0–0, మళ్లీ 0–0 ఆడాయి. మూడో మ్యాచ్ నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో, అదనపు సమయం తర్వాత కూడా 2–2. రెఫరీ రెండు రంగుల బిళ్ల ఎగరేశాడు, అది వచ్చి బురదలో అంచు మీద నిలబడిపోయింది. మళ్లీ ఎగరేశాడు, లివర్‌పూల్ సెమీస్‌కి వెళ్లింది. మూడు మ్యాచ్‌లు, అయిదు గంటల ఆట, చివరికి తేల్చింది ఒక బిళ్ల.

ఇలాంటివి తగ్గించడానికే ఎవే గోల్ వచ్చింది. 1965–66లో యూరప్‌లోని ఇంకో టోర్నమెంట్ కప్ విన్నర్స్ కప్‌లో మొదలుపెట్టి, 1967–68 నుంచి యూరోపియన్ కప్‌లోకి తెచ్చారు: మొత్తం గోల్స్ సమానమైతే బయటి ఊళ్లో ఎక్కువ కొట్టినవాడు ముందుకి. అదీ సమానమైతే? మళ్లీ బిళ్లే. 1969లో సెల్టిక్ 3–0తో గెలిచి, బెన్‌ఫికా ఊళ్లో 0–3తో ఓడింది, ఇద్దరి ఎవే గోల్స్ కూడా సున్నా, నాణెంతో సెల్టిక్ గట్టెక్కింది. తర్వాతి ఏడాది, 1970లో, పెనాల్టీ షూటౌట్‌కి అనుమతి వచ్చింది. యూరోపియన్ కప్‌లో మొదటి షూటౌట్ 1970 నవంబర్ 4న, ఎవర్టన్ 4–3తో బొరుస్సియా మొంషెన్‌గ్లాడ్‌బాక్‌ని ఓడించింది.

ఫైనల్‌కి మాత్రం అప్పటికీ రీప్లేయే. 1974లో బేయర్న్, అట్లెటికో బ్రస్సెల్స్‌లో 1–1, రెండు రోజులాగి మళ్లీ ఆడితే బేయర్న్ 4–0. యూరోపియన్ కప్ ఫైనల్ రెండుసార్లు ఆడిన సందర్భం అదొక్కటే.

ఎవే గోల్ ఎందుకు పోయింది

ఈ రూలు పుట్టినప్పుడు దాని వెనక లెక్క సరైనదే. అరవైలలో బయటి దేశానికి వెళ్లడమంటే ప్రయాణమే ఒక శిక్ష, తెలియని మైదానం, తెలియని తిండి, వెళ్లిన జట్టు పదిమందినీ గోల్ ముందు నిలబెట్టి బతికిపోతే చాలనుకునేది. బయట కొట్టిన గోల్‌కి ఎక్కువ విలువిస్తే ముందుకొచ్చి ఆడతారని ఆశ.

కాలం గడిచేకొద్దీ అదే రూలు ఎదురు తిరిగింది. ఎలాగంటే, మొదటి లెగ్ సొంతూళ్లో ఆడే జట్టు వైపు నుంచి చూడాలి. 0–0 అయితే ఫరవాలేదు, రెండో లెగ్‌లో 1–1 చేసినా చాలు. అదే మొదటి లెగ్ 1–1 అయితే ఎదుటివాడికి 0–0 సరిపోతుంది. అంటే సొంతూళ్లో ఒక గోల్ కొట్టే లాభం కంటే ఒకటి తినే నష్టం పెద్దది. ఇలాంటప్పుడు ఏ కోచ్ అయినా ఏం చేస్తాడు? తలుపులేసుకుంటాడు. బయటివాణ్ణి ముందుకి తెద్దామని పెట్టిన రూలు ఇంట్లోవాణ్ణి వెనక్కి నెట్టింది.

యూఎఫా చూపించిన అంకెలు కూడా ఇదే చెబుతాయి. డెబ్భైల మధ్య నుంచి తీసుకుంటే సొంతూళ్లో గెలుపులు 61 శాతం, బయట 19 శాతం ఉండేవి, 2021 నాటికి అవి 47, 30 అయ్యాయి. మైదానాలు ఒకేలా తయారయ్యాయి, ప్రయాణాలు సుఖమయ్యాయి, వీడియో చూసి నిర్ణయాలు సరిచూసే వీఏఆర్ వచ్చాక రెఫరీ మీద జనం ఒత్తిడి కూడా తగ్గింది. బయట ఆడటం అంత కష్టం కానప్పుడు బయటి గోల్‌కి రెట్టింపు విలువ ఎందుకన్నది వాదన. 2021 జూన్‌లో తీసేశారు.

రూలు ఎంత విచిత్రంగా పనిచేసిందో చూడాలంటే 2003 సెమీస్ ఒక్కటి చాలు. ఏసీ మిలాన్, ఇంటర్ రెండింటికీ ఒకటే స్టేడియం, శాన్ సీరో. మొదటి లెగ్ 0–0, రెండోది 1–1. రెండూ అదే గడ్డి మీద, అవే గోల్ పోస్టుల మధ్య. రెండో లెగ్‌కి కాగితం మీద ఇంటర్ హోమ్ జట్టు కాబట్టి మిలాన్ కొట్టింది ఎవే గోల్ అయింది, మిలాన్ ఫైనల్‌కి వెళ్లి కప్పు కూడా గెలిచింది. ఒకే వాకిట్లో రెండు వాటాల్లో కాపురముండే అన్నదమ్ముల్లో ఒకణ్ణి చుట్టమనడం లాంటిది ఇది.

పోయాక తేడా వచ్చిందా? 2022 సెమీస్‌లో రియల్ మాడ్రిడ్ సిటీ చేతిలో 3–4తో ఓడి వచ్చి, రెండో లెగ్‌లో 90వ నిమిషంలో ఒకటి, మరు నిమిషంలో ఇంకొకటి కొట్టి 2–1 చేసింది. మొత్తం 5–5. పాత రూలు ఉంటే బయట మూడు కొట్టిన రియల్ అక్కడికక్కడే ఫైనల్‌కి. కొత్త రూలు ప్రకారం అదనపు సమయం ఆడాల్సి వచ్చింది, బెంజెమా పెనాల్టీతో 6–5 అయింది. ఫలితం మారలేదు గానీ చూసేవాళ్లకి అరగంట టెన్షన్ ఎక్కువ పడింది. 2025 సెమీస్‌లో ఇంటర్, బార్సిలోనా మొదటి లెగ్‌లోనే 3–3 ఆడాయి. ఎవే గోల్ ఉన్న రోజుల్లో సెమీస్ మొదటి లెగ్‌ని ఇంటి జట్టు అంత బార్లా తెరిచి ఆడేదా అంటే, అనుమానమే. అలాగని ఒకటి రెండు మ్యాచ్‌లు చూసి రూలు వల్లే అనేయడం కూడా తొందరపాటే, బార్సిలోనా ఆ ఏడాది అందరితోనూ డిఫెన్స్ లైన్ పైకి తెచ్చి అలాగే ఆడింది.

ఎనిమిదిలో నాలుగు

ఇప్పుడు అసలు తగువు. లీగ్ దశలో చెమటోడ్చి మొదటి ఎనిమిదిలో నిలిస్తే వచ్చేదేమిటి? ఒక రౌండు ఆడే పని తప్పుతుంది, ప్రీ క్వార్టర్స్‌లో రెండో లెగ్ సొంతూళ్లో ఆడొచ్చు.

రెండో లెగ్ ఇంట్లో ఉండటం లాభమని కోచ్‌లందరూ నమ్ముతారు. కారణాలు వెతికితే కనిపిస్తాయి: ఎంత కొట్టాలో ముందే తెలుసు, అదనపు అరగంట వస్తే అదీ ఇంట్లోనే, పెనాల్టీలూ సొంత జనం ముందే. కానీ లెక్కల్లో ఒక ఇబ్బంది ఉంది. మామూలుగా రెండో లెగ్ ఇంట్లో ఆడేది ముందు దశలో బాగా ఆడిన జట్టే, కాబట్టి వాళ్లు గెలిస్తే అది ఇంటి బలమా, జట్టు బలమా అన్నది విడదీయడం కష్టం.

2024–25 ప్రీ క్వార్టర్స్ ఫలితాలు చూస్తే, పై ఎనిమిదిలో బార్సిలోనా, ఆర్సెనల్, ఇంటర్, ఆస్టన్ విల్లా గెలిచాయి. లివర్‌పూల్, అట్లెటికో, లెవర్కూసెన్, లిల్ ఓడిపోయాయి. ఎనిమిదిలో నాలుగు. బై, విశ్రాంతి, సొంత మైదానం అన్నీ ఇచ్చాక వచ్చిన ఫలితం సరిగ్గా బొమ్మా బొరుసంత. రోటర్‌డామ్ బిళ్లతో తేల్చినా సగటున అంతే వచ్చేది. ఓడినవాళ్లని ఓడించింది ఎవరో చూస్తే సంగతి ఇంకాస్త అర్థమవుతుంది: పీఎస్‌జీ, రియల్, బేయర్న్, డోర్ట్‌మండ్. కింది స్థానాల్లోంచి వచ్చిన మాటే గానీ చిన్న జట్లు కావు. అదే ప్లేఆఫ్ రౌండులో సీడింగ్ దక్కిన, అంటే 9 నుంచి 16 స్థానాల్లో ఉన్న ఎనిమిదిలో ఆరు గెలిచాయి, బ్రూజ్ చేతిలో అటలాంటా, ఫెయెనూర్డ్ చేతిలో ఏసీ మిలాన్ మాత్రమే పోయాయి. ఒక్క ఏడాది, ఎనిమిదేసి జోడీలు, ఇంత చిన్న లెక్క మీద సిద్ధాంతాలు కట్టకూడదు. ప్లేఆఫ్ ఆడినవాళ్లు వేడి మీదుంటారు, బై వచ్చినవాళ్లు చల్లబడతారన్న మాట ఆ ఏడాది చాలామంది అన్నారు, బ్రెస్ట్ మీద పది గోల్స్ కొట్టి వచ్చిన పీఎస్‌జీని చూస్తే అది నిజంలాగే అనిపిస్తుంది, కానీ ఫెయెనూర్డ్, బ్రూజ్ కూడా అదే వేడి మీద వచ్చి ఓడిపోయాయి.

క్లబ్బులకి కోపం తెప్పించింది ఇంకొకటి. ప్రీ క్వార్టర్స్ దాటాక టేబుల్‌లో స్థానానికి విలువే లేదు, ఇంట్లో ముందు ఆడాలా వెనక ఆడాలా అన్నది చీటీ తేల్చేది. మూడో స్థానంలో నిలిచిన ఆర్సెనల్ పదకొండో స్థానపు రియల్‌తో రెండో లెగ్ మాడ్రిడ్ వెళ్లి ఆడింది, గెలిచింది కాబట్టి గొడవ కాలేదు. రెండో స్థానపు బార్సిలోనా నాలుగో స్థానపు ఇంటర్‌తో సెమీస్ రెండో లెగ్ మిలాన్‌లో ఆడి, 93వ నిమిషంలో ఇంటర్ ఆటగాడు అచెర్బీ గోల్‌తో లెక్క సమానమై, అదనపు సమయంలో 3–4తో, మొత్తం 6–7తో ఓడింది.

అందుకే 2025–26కి రూలు మార్చారు. లీగ్ దశలో మొదటి నాలుగు స్థానాలవాళ్లకి క్వార్టర్స్‌లో, మొదటి రెండు స్థానాలవాళ్లకి సెమీస్‌లో కూడా రెండో లెగ్ ఇంట్లోనే. మరి పైవాణ్ణి కిందవాడు ఓడిస్తే? ఆ స్థానంతో పాటు ఆ సౌకర్యం కూడా గెలిచినవాడిదే. ఈ లెక్క 2025కి పెట్టి చూస్తే బార్సిలోనాకి రెండో లెగ్ సొంతూళ్లో దొరికేది. పీఎస్‌జీ మాత్రం లివర్‌పూల్‌ని ఓడించి మొదటి స్థానం హక్కు లాక్కుంది కాబట్టి ఆర్సెనల్‌తో సెమీస్‌లో రెండో లెగ్ ఎలాగూ పారిస్‌లోనే ఉండేది, నిజంగా జరిగిందీ అదే. కొత్త రూలు వల్ల బలవంతుడికి కొత్తగా ఒరిగేది ఒక్కోసారి ఏమీ ఉండదన్నమాట.

డబ్బు మెట్లు

ఇక్కడ ఎక్కువ చెప్పడానికేం లేదు, మెట్లు ఎక్కడ ఎత్తుగా ఉన్నాయో చూస్తే చాలు. 2024–25లో లీగ్ దశలో ఒక గెలుపుకి 21 లక్షల యూరోలు. ప్లేఆఫ్‌కి చేరితే 10 లక్షలు. ప్రీ క్వార్టర్స్‌కి 1.1 కోట్లు, క్వార్టర్స్‌కి 1.25 కోట్లు, సెమీస్‌కి 1.5 కోట్లు, ఫైనల్‌కి 1.85 కోట్లు, కప్పు గెలిస్తే ఇంకో 65 లక్షలు. ప్లేఆఫ్‌కీ ప్రీ క్వార్టర్స్‌కీ మధ్య పదకొండు రెట్ల తేడా. అటలాంటాని ఓడించిన బ్రూజ్ లాంటి క్లబ్‌కి ఆ రెండు మ్యాచ్‌లు మొత్తం సీజన్‌లో అన్నిటికంటే ఖరీదైనవి.

మిగతా ఖండాలు, పక్కనే భువనేశ్వర్

ఎవే గోల్ ప్రపంచమంతా పోయిందనుకుంటే పొరపాటు. ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్‌లో 2025 ఏప్రిల్ సెమీస్‌లో దక్షిణాఫ్రికా జట్టు మామెలోడి సన్‌డౌన్స్ ఇంట్లో 0–0, కైరోలో అల్ అహ్లీతో 1–1 ఆడింది. ఆ ఒక్కటీ చివరి నిమిషాల్లో అల్ అహ్లీ ఆటగాడు సొంత గోల్‌లోకి కొట్టుకున్నది, అదే ఎవే గోల్ అయి సన్‌డౌన్స్ ఫైనల్‌కి వెళ్లింది. యూరప్‌లో అయితే అదనపు సమయం. ఆఫ్రికాలో ఫైనల్ కూడా రెండు లెగ్స్‌లోనే ఆడతారు. ఆసియా ఎలైట్ టోర్నమెంట్ 2024–25లో ఇంకో దారి పట్టింది, క్వార్టర్స్ నుంచి అందరినీ సౌదీలోని జెద్దాకి పిలిచి ఒక్కో మ్యాచ్‌తో తేల్చేసింది. గెలిచింది జెద్దా జట్టే, అల్ అహ్లీ. పేరొకటే గానీ కైరో అల్ అహ్లీతో దీనికి సంబంధం లేదు. అందరికీ తటస్థ వేదిక అని పేరు, ఒకళ్లకి మాత్రం సొంతూరు.

శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కితే చేరుకోగలిగినంత దగ్గరలో ఖండస్థాయి నాకౌట్ జరిగింది 2024 మార్చిలో, భువనేశ్వర్ కళింగ స్టేడియంలో. ఒడిశా ఎఫ్‌సీ ఆసియా క్లబ్బుల ఏఎఫ్‌సీ కప్‌లో మోహన్ బగాన్, బంగ్లాదేశ్ జట్టు బసుంధరా కింగ్స్‌లని దాటి గ్రూపులో మొదటి స్థానంలో నిలిచింది, తర్వాత ఆస్ట్రేలియా జట్టు సెంట్రల్ కోస్ట్ మరీనర్స్‌తో జోడీ పడింది. మొదటి లెగ్ ఆస్ట్రేలియాలో, 0–4. వారం తర్వాత భువనేశ్వర్‌లో 0–0. రెండో లెగ్ ఇంట్లో ఉండటం వల్ల లాభమని ఇంతసేపు చెప్పుకున్నదంతా నాలుగు గోల్స్ లోటు ముందు పనిచెయ్యదు, ఎదుటివాడు తొందరపడడు, బంతిని అటూ ఇటూ తిప్పుతూ గడియారం చూసుకుంటాడు. ఆ మరీనర్సే చివరికి కప్పు గెలిచింది.

పెనాల్టీలో ఇంకో మెలిక

2025 మార్చి 12 రాత్రి మాడ్రిడ్‌లో, లివర్‌పూల్ ఓడిన మర్నాడే, రియల్, అట్లెటికో షూటౌట్‌లో అట్లెటికో ఆటగాడు జూలియన్ అల్వారెజ్ పెనాల్టీ కొట్టాడు, బంతి వలలో పడింది. కొట్టేటప్పుడు నిలబడ్డ కాలు జారి బంతికి పిసరంత తగిలింది, అది కంటికి ఆనలేదు, వీఏఆర్ పట్టింది. రెండుసార్లు తాకినట్టు లెక్క, గోల్ రద్దు, మళ్లీ కొట్టనివ్వలేదు. రియల్ 4–2తో గెలిచింది. ఆ ఏడాది జూన్‌లో ఆట నిబంధనలు చూసే ఐఎఫ్‌ఏబీ స్పష్టత ఇచ్చింది: అనుకోకుండా రెండుసార్లు తగిలి గోల్ అయితే మళ్లీ కొట్టించాలి. అట్లెటికోకి దాంతో ఒరిగిందేమీ లేదు.

ఒంటిగంటన్నర నుంచి తొమ్మిదిన్నరకి

మన దగ్గర చూసేవాళ్ల బాధ వేరే. యూరప్‌లో రాత్రి తొమ్మిదికి మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో ఇక్కడ ఒంటిగంటన్నర. మార్చి చివరి ఆదివారం వాళ్లు గడియారాలు గంట ముందుకి తిప్పుకుంటారు కాబట్టి క్వార్టర్స్ నుంచి పన్నెండున్నర. ఇది తెలియక ఏప్రిల్‌లో ఒంటిగంటన్నరకి అలారం పెట్టుకుని, లేచేసరికి రెండో సగం మొదలైపోయి ఉండటం ఏటా కొందరికి జరిగేదే. అదనపు సమయం, పెనాల్టీలు కూడా వస్తే ప్రీ క్వార్టర్స్ రాత్రి నాలుగు దాటుతుంది, ఆరింటికి డ్యూటీ ఎక్కాల్సినవాడికి ఇక పడుకోవడం అనవసరం.

2026 మే 30న బుడాపెస్ట్ పుష్కాష్ అరెనాలో పెట్టిన ఫైనల్‌కి మాత్రం యూఎఫా కిక్ ఆఫ్‌ని అక్కడి సాయంత్రం ఆరింటికి జరిపింది, మ్యాచ్ అయ్యాక జనం రైళ్లు, బస్సులు అందుకోవడానికి వీలుంటుందని. అంటే మనకి తొమ్మిదిన్నర. పెనాల్టీల దాకా వెళ్లినా పన్నెండుంపావుకి అటూ ఇటూగా తేలిపోతుంది, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో టీ తాగి ఇంటికెళ్లి పడుకోవచ్చు.